వేల్స్ బడిలో ర్యాంకు లేని అభినందనలు: ఏది పట్టించుకోవాలి, ఏది వదిలేయాలి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. కిందటి ఆగస్టులో హైదరాబాదు నుంచి కార్డిఫ్ వచ్చారు. అమ్మాయి ఇయర్ ఎయిట్, అంటే పన్నెండు పదమూడేళ్ళ పిల్లల తరగతి. బడి యాప్‌లో వారానికి ఐదారు అభినందనలు వస్తున్నాయి కానీ క్లాసులో ఆమె ఎన్నో స్థానంలో ఉందో ఎవరూ చెప్పడం లేదు. మార్చి 1న పాఠాలు మానేసి రోజంతా ‘ఐస్టెద్వొద్’ (పాటలు, పద్యాల పోటీల పండుగ) అంటున్నారు. దానికి తోడు వెల్ష్ టీచరు మీ అమ్మాయిని ఉర్ద్ అనే వెల్ష్ పిల్లల సంస్థ పోటీలో పద్యం చెప్పడానికి ఎంపిక చేశారు. ఆ పోటీ శనివారం, అంటే లెక్కల ట్యూషన్ రోజు. ఇదంతా చదువేనా, కాలక్షేపమా, పంపాలా వద్దా అన్నారు.

పంపండి. ఒక్క శనివారం ట్యూషన్ మానితే లెక్కలు ఎక్కడికీ పోవు. ఈ మాట లెక్కల టీచరుగానే చెబుతున్నాను. 2007 నుంచి దక్షిణ వేల్స్‌లో సెకండరీ బడిలో పని చేస్తున్నాను, నా ఇద్దరు పిల్లలూ ఇక్కడే చదివారు. మొదటి రెండేళ్ళు నేనూ మీలాగే తల పట్టుకున్నాను. మీ అనుమానంలో సగం న్యాయమైనదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

యాప్‌లో పడే పాయింట్ల సంగతి ముందు తేల్చేద్దాం. అవి వేసేది నాలాంటివాళ్ళమే. శుక్రవారం చివరి పీరియడ్, బయట వాన, ముప్పై మంది పిల్లలు, గంట కొట్టడానికి మూడు నిమిషాలు. కంప్యూటర్ ముందు నిలబడి పేర్ల మీద గబగబా నొక్కుకుంటూ పోతాను. ఎప్పుడూ గోల చేసే పిల్లవాడు పది నిమిషాలు కుదురుగా కూర్చుంటే వాడికి రెండు పాయింట్లు పడతాయి. ఏడాది పొడవునా కుదురుగా కూర్చున్న పిల్ల ఆ హడావిడిలో కంటికి ఆనదు. అందుకని మీ అమ్మాయికి ఆరు, పక్కింటి అబ్బాయికి తొమ్మిది అని లెక్కలు వేసుకోకండి. అంకె పక్కన చిన్న అక్షరాలలో ఒక కారణం రాసి ఉంటుంది, అది చూడండి: పట్టుదల, తోటివారికి సాయం, ఇంటిపని, వెల్ష్‌లో మాట్లాడినందుకు, చర్చలో పాల్గొన్నందుకు. ఒక టర్ము మొత్తానికి ఏ కారణం ఎక్కువసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. అన్నీ ఇంటిపనికే వచ్చి ఉంటే, మీ అమ్మాయి క్లాసులో నోరు విప్పడం లేదని అర్థం. మన పిల్లల్లో ఇది చాలా మామూలు. రాతపని ముత్యాల్లా ఉంటుంది, చెయ్యి మాత్రం ఎత్తరు.

ఇక ర్యాంకు. ఎవరూ చెప్పరు, అడిగినా చెప్పరు. అంతమాత్రాన కొలత లేదని కాదు. కొత్త పాఠ్యప్రణాళిక కింద బడి మీకు కనీసం టర్ముకోసారి పిల్ల ప్రగతి గురించి సమాచారం ఇవ్వాలి. రెండో ఇయర్ నుంచి తొమ్మిదో ఇయర్ దాకా ప్రతి విద్యార్థీ చదవడంలోనూ లెక్కల్లోనూ ఆన్‌లైన్ పరీక్షలు రాస్తారు. వీటిని వ్యక్తిగత మదింపులు అంటారు; పిల్ల ఇచ్చే జవాబును బట్టి తరవాతి ప్రశ్న కష్టంగానో తేలికగానో మారుతుంది. వాటి నివేదిక మీ చేతికి రావాలి, రాకపోతే అడిగి తీసుకోండి. ర్యాంకు మీదే మనసు పోతుంటే, యుకె మ్యాథమాటిక్స్ ట్రస్ట్ జరిపే జూనియర్ చాలెంజ్ మీ బడిలో ఉందేమో కనుక్కోండి. ఇయర్ ఎయిట్‌కూ అంతకన్నా చిన్నవాళ్ళకూ గంటలో ఇరవై అయిదు ప్రశ్నలు. స్వర్ణ, రజత, కాంస్య పత్రాలను 1:2:3 నిష్పత్తిలో ఇస్తారు. లెక్కలంటే ఇష్టమున్న పిల్లకు ఏ ట్యూషన్ కంటే ఆ పాత ప్రశ్నపత్రాలే మేలు చేస్తాయి.

పేరెంట్స్ ఈవెనింగ్‌లో ఒక్కో టీచరు దగ్గర మీకు దొరికేది అయిదు నిమిషాలు. అందులో మూడు నిమిషాలు ‘ఎంతో మంచి పిల్ల, క్లాసులో ఉంటే మాకు ఆనందం’ అనే మాటలతో గడిచిపోతాయి. ఆ మాటలు అబద్ధాలు కావు, కానీ వాటిలో సమాచారమూ లేదు. నవ్వి, కృతజ్ఞతలు చెప్పి, ఒక్క ప్రశ్న వేయండి: ఈమె ఇప్పుడు చేయలేనిది, వచ్చే టర్ము చివరికి చేయగలగాల్సింది ఏమిటి? ఆ ప్రశ్నకు టీచరు తడుముకున్నారంటే, మీ అమ్మాయి పుస్తకం తెరిచి చూసి చాలా రోజులయిందని అర్థం. నన్ను ఒక తండ్రి ఈ ప్రశ్న అడిగినప్పుడు నేనూ తడుముకున్నాను. ఆ రాత్రే ఆ అబ్బాయి నోటు పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళాను.

అందుచేత అభినందన ఒక ఖాతా, ప్రగతి మరో ఖాతా. మన ఊళ్ళలో ఈ రెండూ ఒకే పుస్తకంలో ఉంటాయి. ఫస్టు వచ్చిన పిల్లకే బహుమతి, ఫస్టు వచ్చిన పిల్ల ఫొటోయే బస్సు వెనక ఫ్లెక్సీ మీద. ఇక్కడ బడి ఎవరిని వేదిక ఎక్కిస్తుందో చూసి చదువులో ఎవరు ముందున్నారో చెప్పలేం. అలా అని వేదిక వృథా అనుకుంటే మాత్రం పొరపాటు. 2022 సెప్టెంబరు నుంచి అమలులోకి వచ్చిన వేల్స్ పాఠ్యప్రణాళిక చదువుకు నాలుగు లక్ష్యాలు పెట్టింది: ఆశయమూ సామర్థ్యమూ ఉన్న అభ్యాసకులు, చొరవ చూపే సృజనశీలులు, విషయం తెలిసిన నీతిమంతులైన పౌరులు, ఆరోగ్యంగా ధైర్యంగా ఉండే మనుషులు. వేదిక ఎక్కించడం ఆ లెక్కలో చదువులో భాగమే. ఇంగ్లండు మిత్రుల మాటలు విని అక్కడి పద్ధతిని ఇక్కడ వెతకకండి. పదహారేళ్ళప్పుడు రాసే జిసిఎస్‌ఇ పరీక్షల్లో వాళ్ళ గ్రేడ్లు 9 నుంచి 1, వేల్స్‌వి ఇంకా ఏ స్టార్ నుంచి జి.

ఇప్పుడు ఐస్టెద్వొద్. ఇంగ్లిషులో రాసి ఉన్నది చూసి ‘ఐస్టెడ్‌ఫోడ్’ అంటే మీ అమ్మాయి నవ్వుతుంది. వెల్ష్‌లో ఒక ఎఫ్ అంటే ‘వ’, రెండు డిలు కలిస్తే నాలుక పళ్ళకు తగిలించి పలికే మెత్తని ‘ద’. ఆ మాటకు మూలం కూర్చోవడం. కొలువు తీరడం అంటామే, అదే. 1176లో రీస్ ప్రభువు కార్డిగన్ కోటలో కవులనూ గాయకులనూ పిలిచి పోటీ పెట్టి, గెలిచినవారికి కుర్చీలు ఇచ్చాడని చెబుతారు. ఆధునిక జాతీయ ఐస్టెద్వొద్ 1861లో అబెర్‌డేర్‌లో మొదలైంది. ఇప్పుడు ఏటా ఆగస్టు మొదటి వారంలో ఒక్కో ఏడు ఒక్కో చోట జరుగుతుంది. ఛందస్సులో రాసిన కవికి కుర్చీ, స్వేచ్ఛగా రాసిన కవికి కిరీటం. ఆ ఛందస్సు పేరు కంగ్హానెద్. దాని ఒక రకంలో పాదం మొదటి సగంలో వచ్చిన హల్లులు అదే వరసలో రెండో సగంలో తిరిగి రావాలి. యతిప్రాసలు తెలిసిన మనవాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. మా వెల్ష్ శాఖ టీచరుకు ఒకసారి ఉత్పలమాల గణాలు బల్ల మీద తట్టి వినిపించాను. ఆయన కాఫీ చల్లారిపోయింది.

బడి ఐస్టెద్వొద్ దానికి చిన్న నమూనా. వేల్స్ రక్షక సాధువు సెయింట్ డేవిడ్ పండుగ రోజున, అంటే మార్చి 1న గానీ ఆ చుట్టుపక్కల గానీ జరుపుతారు. పిల్లలందరూ నాలుగైదు ‘హౌస్’లుగా విడిపోయి ఉంటారు, పేర్లు సాధారణంగా దగ్గరి నదులవో కోటలవో సాధువులవో ఉంటాయి. చొక్కా మీద డాఫొడిల్ పువ్వు, కొందరికి నిజమైన లీక్ (ఉల్లికాడ లాంటి కూర) కాడ, చాలామందికి ఎర్ర రగ్బీ చొక్కా. పాట, పద్యం, నాట్యం, వాద్యం అన్నీ ఉంటాయి. వాటికన్నా నాకు ఇష్టమైనవి ఇంటి నుంచి చేసి తెచ్చే పోటీలు: వెల్ష్ కేకులు, ఫొటోలు, పోస్టర్లు, లెగోతో కట్టిన కోటలు. వేదిక అంటే భయపడే పిల్లలు ఇక్కడ హౌస్‌కు పాయింట్లు తెస్తారు. మీ అమ్మాయికి ఇంకేదీ కుదరకపోతే కేకులు చేయించండి. పిండి, వెన్న, చక్కెర, ఎండుద్రాక్ష, కాస్త మసాలా కలిపి పెనం మీద కాల్చడమే. మన ఇళ్ళలో పెనం మీద చెయ్యి తిరిగినవాళ్ళకు అదేమంత పని కాదు.

మధ్యాహ్నం దాకా గోల గోలగా ఉంటుంది. మూడు వారాల ముందే పిల్లలు మారుపేర్లతో కవితలు పంపి ఉంటారు. వాటిని చదివిన న్యాయనిర్ణేత ఆ తరవాత వేదిక మీదకు వస్తారు. ఆయన విమర్శ చదివి, చివరికి ఒక్క మారుపేరు చెప్పి, ఆ పేరుగలవారు లేచి నిలబడండి అంటారు. బాకా మోగుతుంది. ఎనిమిది వందల మంది ఉన్న హాలులో ఒక్కసారిగా నిశ్శబ్దం. ఎవరు లేస్తారో పక్కన కూర్చున్న స్నేహితుడికి కూడా తెలియదు.

ఒక ఏడు నా పదో ఇయర్ క్లాసులోని అబ్బాయి లేచాడు. రెండేళ్ళలో నాతో ఇరవై మాటలు మాట్లాడి ఉండడు. ముఖం ఎర్రబడిపోయి, టై సర్దుకుంటూ, చూపు నేల మీద పెట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరు చిన్నపిల్లలు వచ్చి చేతులు పట్టుకుని వేదిక మీదకు నడిపించారు. బడి వడ్రంగి గదిలో చేసిన కుర్చీలో కూర్చోబెట్టారు. తల మీదుగా కత్తిని ఒరలోంచి కొంచెం లాగి, ‘శాంతి ఉందా?’ అని వెల్ష్‌లో అడిగారు. హాలంతా ‘హెద్దూఖ్’ అని అరిచింది, శాంతి అని. మూడుసార్లు అడుగుతారు, మూడుసార్లూ అరుస్తారు. కత్తిని పూర్తిగా దూయరు, అదే పద్ధతి. సోమవారం వాడు నా క్లాసులో మళ్ళీ మామూలుగా మౌనంగానే కూర్చున్నాడు. కాకపోతే వెనక బెంచీవాళ్ళు వాడి జోలికి పోవడం మానేశారు.

ఆ నిశ్శబ్దం వెనక ఒక కథ ఉంది, అది తెలియకపోతే ఈ తంతు నాటకంలా కనిపిస్తుంది. 1917 సెప్టెంబరులో బర్కెన్‌హెడ్‌లో జరిగిన జాతీయ ఐస్టెద్వొద్‌లో కుర్చీ గెలిచిన కవి మారుపేరు పిలిచారు. బాకాలు మోగాయి. ఎవరూ లేవలేదు. హెద్ విన్ అనే ఆ గొర్రెల కాపరి కవి ఐదు వారాల ముందే, జులై 31న, బెల్జియం యుద్ధభూమిలో చనిపోయాడు. ఖాళీ కుర్చీ మీద నల్లగుడ్డ కప్పారు. ఆ కుర్చీ ఇప్పటికీ ట్రౌస్‌వనిద్ దగ్గర అతని ఇంట్లో ఉంది. ‘శాంతి ఉందా’ అన్న ప్రశ్న అంతకు ముందు నుంచీ ఉన్నదే కానీ, ఆ తరవాత దానిని వినే తీరు మారింది.

వెల్ష్‌లో మాట్లాడితే పాయింట్లు ఎందుకిస్తారో కూడా చెప్పాలి, మీకు అన్నిటికన్నా వింతగా అనిపించేది అదే అయి ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి చాలా బడుల్లో ‘వెల్ష్ నాట్’ అనే చెక్కముక్క ఉండేది. వెల్ష్ మాట్లాడుతూ దొరికిన పిల్లవాడి మెడలో అది వేలాడదీసేవారు. వాడు దానిని వదిలించుకోవాలంటే వెల్ష్ మాట్లాడిన మరొకరిని పట్టించాలి. సాయంత్రం బడి వదిలేసరికి అది ఎవరి మెడలో ఉంటే వాళ్ళకు దెబ్బలు. 1847లో వెల్ష్ రాని ముగ్గురు ఇంగ్లిషు కమిషనర్లు ఇక్కడి బడులను పరిశీలించి, ఆ భాషే జనాన్ని వెనక్కి లాగుతోందని నివేదిక రాశారు. నీలి అట్టలతో వచ్చిన ఆ నివేదికను ఇక్కడివాళ్ళు ఇప్పటికీ ‘నీలి పుస్తకాల ద్రోహం’ అంటారు. అలాంటి చెక్క ఒకటి మీ కార్డిఫ్ పక్కనే సెయింట్ ఫాగన్స్ ప్రదర్శనశాల సేకరణలో ఉంది. ప్రవేశం ఉచితం, ఆదివారం అమ్మాయిని తీసుకువెళ్ళండి. అది లంగ్రానొగ్ దగ్గరి పాంట్‌గారెగ్ బడిది. 1932 నుంచి ఉర్ద్ పిల్లల శిబిరం జరుగుతున్నది ఆ లంగ్రానొగ్‌లోనే. చెక్క వేలాడదీసిన చోట ఇప్పుడు పిల్లలు వెల్ష్‌లో పాటలు పాడుతూ గుర్రాలెక్కి తిరుగుతున్నారు.

మనకు ఇది దూరపు కథ కాదు. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక ఇంగ్లిషు మీడియం బడిలో తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో ‘నేను తెలుగు మాట్లాడను’ అని పలకలు వేసిన సంగతి పత్రికల్లో వచ్చింది. తెలుగు మాట్లాడితే రూపాయి జరిమానా కట్టిన తరం మాది. అందుకే నా క్లాసులో ఎవరైనా ‘దియోల్ఖ్’ అని వెల్ష్‌లో థాంక్స్ చెబితే పాయింటు నొక్కడం నేను మరచిపోను. 2021 జనాభా లెక్కల ప్రకారం వేల్స్‌లో వెల్ష్ వచ్చినవాళ్ళు 17.8 శాతం, సుమారు 5 లక్షల 38 వేల మంది. 2050 నాటికి పది లక్షలు చేయాలన్నది ప్రభుత్వ లక్ష్యం. పదహారేళ్ళ దాకా వెల్ష్ అందరికీ తప్పనిసరి. మీ అమ్మాయి ఆ పది లక్షల లెక్కలో ఉంది.

ఉర్ద్ విషయానికి వస్తే, పలకడం ‘ఇర్ద్’. 1922లో ఇవాన్ అబ్ ఓవెన్ ఎడ్వర్డ్స్ మొదలుపెట్టిన పిల్లల సంస్థ. పూర్తి పేరుకు వేల్స్ ఆశాసంఘం అని చెప్పుకోవచ్చు. వాళ్ళ జాతీయ ఐస్టెద్వొద్ మొదట 1929లో కార్వెన్‌లో జరిగింది. ఇప్పుడు మే చివరి సెలవుల వారంలో, ఒక ఏడు ఉత్తరాన, ఒక ఏడు దక్షిణాన జరుపుతారు. 2025లో పోర్ట్ టాల్బట్ పక్కన మార్గమ్ పార్కులో జరిగింది. అక్కడికి చేరాలంటే ముందు స్థానిక పోటీ, తరవాత ప్రాంతీయ పోటీ. మీరు భయపడుతున్నట్టు మీ అమ్మాయి పుట్టినప్పటి నుంచీ వెల్ష్ మాట్లాడేవారితో తలపడనక్కరలేదు. నేర్చుకునేవారికి వేరే విభాగాలు ఉన్నాయి. స్థానిక పోటీ అంటే ఏదో బడి హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్లాస్కులో టీ, వరసగా పాతిక మంది అదే పద్యం చెప్పడం. వినేవాళ్ళకు ఓపిక కావాలి. ఒక పుస్తకం పట్టుకెళ్ళండి, కానీ మీ అమ్మాయి ముందు చెప్పిన ఇద్దరినీ, తరవాత చెప్పిన ఇద్దరినీ తప్పకుండా వినండి. ఇంటికి వచ్చేటప్పుడు కారులో ఆమె మాట్లాడేది వాళ్ళ గురించే.

ఆటల గురించి ఒక్క మాట. కార్డిఫ్ ఉత్తరాన విట్‌చర్చ్ హైస్కూల్ ఉంది. సైక్లిస్టు గెరెంట్ థామస్, ఆయనకన్నా చిన్నవాళ్ళయిన ఫుట్‌బాల్ గారెత్ బేల్, రగ్బీ శామ్ వార్‌బర్టన్ అక్కడ చదివినవారే. చివరి ఇద్దరూ ఒకే ఇయర్. బేల్ బడి ఆటల్లో అందరినీ దాటుకుంటూ పోతుంటే, వ్యాయామం టీచరు అతనికి రెండు షరతులు పెట్టారన్నది ఇక్కడ అందరికీ తెలిసిన కథ: బంతి ఒక్కసారే తాకాలి, బలమైన ఎడమ కాలు వాడకూడదు. పొగడ్తకు బదులు కష్టమైన పని ఇచ్చారు. మీ పిల్ల దేనిలోనైనా అందరికన్నా ముందుంటే బడిని అడగాల్సింది ఇటువంటిది. చదువులో ముందున్న ప్రభుత్వ బడి పిల్లల కోసం ‘సెరెన్’ అనే పథకం కూడా ఉంది. సెరెన్ అంటే నక్షత్రం. మీ అమ్మాయి వయసుకే అందులో అవకాశాలు మొదలవుతాయి. ఎవరిని పంపాలో బడే నిర్ణయిస్తుంది, కాబట్టి మీకు ఆసక్తి ఉందని ముందే చెప్పి ఉంచండి.

ఇంకో ఏడాదీ రెండేళ్ళలో డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరా అవార్డు పేరు వింటారు. 1956లో మొదలైనది. బ్రాంజ్‌కు సేవ, వ్యాయామం, నైపుణ్యం ఒక్కోటి మూడు నెలలు, వాటిలో ఒకటి ఆరు నెలలు, వీటికి తోడు ఒక రాత్రి గుడారంలో గడిపే రెండు రోజుల నడక. మనవాళ్ళు పిల్లలకు కొత్తగా ఏదో నేర్పించాలని పరుగులు తీస్తారు, అక్కరలేదు. కూచిపూడి వ్యాయామం కింద చెల్లుతుంది, వీణ నైపుణ్యం కింద చెల్లుతుంది. ఒక్కటే నియమం: ధ్రువీకరించేవారు కుటుంబసభ్యులు కాకూడదు. అమ్మే నాట్యం నేర్పుతుంటే అమ్మ సంతకం పనికిరాదు. నడకకు జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు. బన్నౌ బ్రహైనియోగ్ (ఇంగ్లిషులో బ్రెకన్ బీకన్స్) కొండల్లో జూన్‌లోనూ చలి వాన పడుతుంది. తిండి చిన్న స్టవ్ మీద వాళ్ళే వండుకోవాలి. ఒక తెలుగు అమ్మాయి వేడినీళ్ళు పోస్తే అయిపోయే ఉప్మా పొడి తెచ్చింది. మిగతా బృందం సగం ఉడికిన పాస్తాతో కుస్తీ పడుతుంటే ఈమె తినేసి కాళ్ళు చాపుకుని కూర్చుంది. విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో ఈ అవార్డుకు పాయింట్లు లేవు, ఆ భ్రమ వద్దు. దరఖాస్తులో రాసుకోవడానికి నిజమైన అనుభవం ఉంటుంది, అంతే. సంగీతంలో ఇక్కడి గుర్తింపు పొందిన పరీక్షలు ఆరో గ్రేడు నుంచి ఎనిమిదో గ్రేడు దాకా అయితే పాయింట్లు ఇస్తాయి.

స్కూల్ కౌన్సిల్ ఎన్నికలకు నిలబడమని ఎవరైనా అంటే వద్దనకండి. 2005 నాటి నిబంధనల ప్రకారం వేల్స్‌లో ప్రతి ప్రభుత్వ సెకండరీ బడికీ అది ఉండాల్సిందే. పదహారేళ్ళకు ఇక్కడి సెనెద్ (వేల్స్ శాసనసభ) ఎన్నికల్లో ఓటు హక్కు కూడా ఉంది. 2021లో మొదటిసారి వేశారు.

వంద శాతం హాజరు పత్రాల మీద నాకు గౌరవం లేదు. జ్వరం రాని పిల్లకు బహుమతి, ఆస్తమా ఉన్న పిల్లకు చిన్నబోయిన ముఖం. రాకపోతే బాధపడకండి, జ్వరంతో పంపకండి.

అన్నిటికన్నా ఎక్కువ తలనొప్పి తెచ్చేది పేరు. బడిలో చేర్చినప్పుడు పాస్‌పోర్టు చూసి మొదటి పేరు గడిలో ‘వెంకట’ అనో ‘నాగ’ అనో ఎక్కించేస్తారు. పిలిచే పేరు ఎక్కడో నాలుగో మాట. దాంతో బహుమతుల సాయంత్రం ప్రధానోపాధ్యాయులు ‘వెంకట’ అని పిలిస్తే మన పిల్ల తననే పిలిచారని తెలియక కూర్చునే ఉంటుంది. నేను ఉన్న హాలులోనే ఇది జరిగింది. నాలుగు క్షణాలు ఎవరూ లేవలేదు, పక్క పిల్ల మోచేత్తో పొడిస్తే లేచింది. ఇప్పుడే ఆఫీసుకు రాసి ‘పిలిచే పేరు’ అనే గడి నింపించండి. ఫారమ్ ట్యూటర్‌కు, అంటే క్లాసు టీచరుకు, ఉచ్చారణ ఇంగ్లిషు అక్షరాలలో విడగొట్టి పంపండి, ఏ అక్షరాన్ని నొక్కి పలకకూడదో కూడా చెప్పండి. జిసిఎస్‌ఇ పత్రాల మీద మాత్రం పాస్‌పోర్టులో ఉన్న పేరే ఉండాలి. పరీక్షల నమోదు పత్రం ఇంటికి వచ్చినప్పుడు ఇంటిపేరు వెనకకు పోయిందా, ముందుకు వచ్చిందా అని అక్షరం అక్షరం చూసుకోండి. తరవాత దిద్దించాలంటే చాలా తిప్పలు.

ఫొటోల అనుమతి కూడా అంతే. సెప్టెంబరులో నింపే కాగితంలో ‘వద్దు’ అని గీత పెడితే, మార్చిలో హౌస్ కప్పు ఎత్తుకున్న బృందం ఫొటోలో మీ అమ్మాయి ఉండదు. వద్దనుకుంటే అది మీ హక్కు. కానీ చాలామంది ఏం నింపారో మరచిపోయి, మా పిల్లను పక్కన పెట్టారని బాధపడతారు. ఒకసారి చూసుకోండి.

బయట సాధించినవి బడికి చెప్పే అలవాటు మనకు లేదు, దిష్టి తగులుతుందనో, గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుందనో. నా కూతురు అరంగేట్రం చేసిన సంగతి బడికి తెలియజేయలేదు. రెండేళ్ళ తరవాత ఒక టీచరు ఎక్కడో విని, ఎందుకు చెప్పలేదని నన్ను అడిగారు. సమాధానం నా దగ్గర లేదు. రెండు వాక్యాల ఈమెయిల్ చాలు, ఒక ఫొటో జత చేయండి. అసెంబ్లీలో ఆ పేరు వినిపిస్తే, మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరో ఒకరు వచ్చి ఆ నాట్యం ఎలా ఉంటుందని అడుగుతారు. ఆగస్టులో వచ్చిన పిల్లకు స్నేహితులు ఇంకా కుదరలేదని మీరే రాశారు కదా.

శనివారం సంగతి ఇది. ట్యూషన్ మాస్టారికి ఈరోజే చెప్పి ఆదివారానికి మార్చుకోండి. ఈ రెండు వారాలూ రాత్రి అన్నాల దగ్గర ఆ పద్యం ఒక్కసారి చెప్పించుకోండి. అర్థం కాకపోయినా వింటూ ఉండండి. రెండు ఎల్‌లు కలిపి రాసే వెల్ష్ అక్షరం ఒకటి ఉంది. నాలుకను ‘ల’ దగ్గర పెట్టి గొంతు కలపకుండా గాలి వదలాలి. ఆమెకు ఈపాటికి వచ్చేసి ఉంటుంది. మిమ్మల్ని అనమంటుంది, మీకు రాదు. నాకూ పద్దెనిమిదేళ్ళుగా రావడం లేదు, మా అబ్బాయి ఇప్పటికీ పక్కింటివాళ్ళ ముందు నా చేత పలికించి నవ్వుతాడు.